ఎడమ సగం

జూలై 4

పొద్దున నాన్న తన చొక్కాని వదిన ముందుకు విసిరాడు. "ఇది ఉతికిందేనా? పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టుంది. మళ్ళీ ఉతుకు."

చొక్కా తెల్లగా ఉంది. నేను చూశాను. కాలరు లోపలి కుట్టు కూడా తెల్లగానే ఉంది. వదిన ఏమీ అనకుండా తీసుకెళ్ళి బకెట్లో పడేసింది. నీళ్ళు గుమ్మం దాకా చిందాయి.

నేను కల్పించుకోలేదు. వదిన నా తరఫున ఎప్పుడు మాట్లాడిందని?

తొమ్మిదింటికి పొలంలో పెట్టెలు బోర్లించాను. మొక్కజొన్న మోకాలు దాటింది. ఎడమ సగంలో నాలుగు పెట్టెలు, కుడి సగంలో నాలుగు. నేలలో దిగ్గొట్టిన చట్రం మీద పెట్టె బోర్లించి, మూతకున్న రంధ్రంలోంచి సిరంజితో గాలి లాగి, చిన్న సీసాలోకి ఎక్కించాలి. కాసేపాగి మళ్ళీ. చూసేవాళ్ళకి ఇది పనిలా కనబడదు. పక్క పొలం ఆయన సైకిలు ఆపి, "ఏమ్మా గాలి డాక్టరుగారూ, నాడి దొరికిందా?" అన్నాడు. వెనక కూచున్న ఆయన భార్య నవ్వు ఆపుకోలేక ఆయన వీపు మీద కొట్టింది. నేను తల దించుకుని సీసా మీద నంబరు రాశాను. మంచి జవాబు తోచింది. ఇంటికొచ్చాక తోచింది. ఎప్పుడూ అంతే.

కోపంగా ఉన్నప్పుడు చిన్న వాక్యాలు రాయమని కాన్వెంటులో సిస్టర్ చెప్పేవారు. ఈ డైరీ తిరగేస్తే అన్నీ చిన్న వాక్యాలే.

జూలై 5

ఇవాళ కూడా నాడి దొరికిందా అన్నాడు. జోకు కూడా మార్చడు.

జూలై 9

పరిశోధన కేంద్రం నుంచి సార్ వచ్చారు. గట్టు మీద నిలబడి నాన్నకీ అన్నయ్యకీ మొదటినుంచీ మళ్ళీ చెప్పారు. కుడి సగంలో యూరియా నాన్న ఇష్టం. ఎడమ సగంలో కార్డు చెబితేనే. కార్డంటే చేతిలో పట్టే ప్లాస్టిక్ పలక. లేత ఆకుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ దాకా పట్టీలుంటాయి. ఆకుని దాని పక్కన పెట్టి, ఎండ తగలకుండా మన నీడ దాని మీద పడేలా నిలబడి చూడాలి. నాలుగో పట్టీ కంటే లేతగా ఉంటేనే యూరియా. ఎప్పుడూ ఒకే మనిషి చూడాలి. ఆ మనిషిని నేను.

"అంటే మొక్కకి ఆకలేస్తే కార్డు చూసి పెట్టాలన్నమాట," అన్నాడు అన్నయ్య. నా వైపు తిరిగి, "ఇవాళ్టి నుంచి నీకూ మొహం రంగు చూసే వడ్డిస్తాం" అన్నాడు.

సార్ నవ్వలేదు. ఆయనకి అన్నయ్య జోకులు అర్థం కావు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. "మొక్క తాగగా మిగిలిన యూరియా ఎక్కడికి పోతుందనుకుంటున్నారు?" అని అడిగారు. "కొంత నీళ్ళతో పోతుంది. కొంత నేలలోనే ఉండి, వాన పడగానే గాలిలోకి లేస్తుంది. నైట్రస్ ఆక్సైడ్. కార్బన్ డయాక్సైడ్ కంటే కొన్ని వందల రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. మీ అమ్మాయి పెట్టెల్లో పడుతున్నది అదే. తక్కువ యూరియాతో ఆ గాలి తగ్గుతుంది, పంట తగ్గదు. ఆ సంగతి ఇక్కడివాళ్ళకి కళ్ళారా చూపించాలి."

"గాలి సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు నాన్న. "ముందు మొక్క బతకాలి కదా. అది చూడండి ఎలా పాలిపోయిందో."

వెళ్ళేముందు సార్ నాతో విడిగా అన్నారు. ఎడమ సగంలో లెక్కలో లేని యూరియా పిడికెడు పడినా పొలం మొత్తాన్ని తీసేస్తారట. నా పని ఈ పొలంతోనే వచ్చింది, ఈ పొలంతోనే పోతుంది. ఇది పోతే ఈ ఊళ్ళో ఇంకెవరూ ప్రయోగానికి పొలం ఇవ్వరు. "కాపలా కాయి" అన్నారు.

తెలుసు సార్ అన్నాను. ఇంకేదో అనాలనిపించింది. రాలేదు.

నాన్నని ఒప్పించడానికి నేను పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడనంత మాట్లాడాను. ఆయన చివరికి "ఒక్క పంట" అన్నాడు. నా మీద ప్రేమతో అనలేదు. నా గొంతు వినడం విసుగెత్తి అన్నాడు.

జూలై 11

నాన్న కుడి సగంలో మళ్ళీ యూరియా చల్లాడు. అక్కడ ఆకులు ముదురు ఆకుపచ్చ దాటి నల్లబడుతున్నాయి. కార్డులో అంత ముదురు పట్టీయే లేదు. నాన్న నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి, "ఇంకా పసుపు పోలేదు" అన్నాడు.

కళ్ళెదుట ఉన్నదాన్ని కాదనడం ఆయనకి అలవాటైపోయింది. చొక్కా అంతే. బల్బు అంతే. నిన్న సాయంత్రం హాల్లో బల్బు మసకగా ఉందని, మార్చమని అన్నయ్య మీద అరిచాడు. అది మార్చి వారం కూడా కాలేదు. అన్నయ్య స్టూలెక్కి, బల్బు ఊడదీసి, అదే బల్బు మళ్ళీ పెట్టి, "మార్చాను" అన్నాడు. "ఇదీ అంతే ఉంది, అన్నీ నాసిరకం సరుకు" అన్నాడు నాన్న. అన్నయ్యా వదినా నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఈ ఇంట్లో మేం ముగ్గురం ఒక పక్కన ఉండటం అదొక్కసారే.

నెగ్గాలి. ఏ వాదనైనా సరే, ఆయనే నెగ్గాలి. అంతే.

జూలై 16

"ఈ పెట్టెల్ని వరండాలోంచి తీస్తావా, నన్ను తియ్యమంటావా, చదువులమ్మగారూ?" వదిన చీపురు పట్టుకుని నిలబడి అడిగింది.

నా గదిలోకి మార్చాను. ఇప్పుడు పెట్టెల మధ్య పడుకుంటున్నాను. వాటిలోంచి పొలం వాసన వస్తుంది. వదిన ఊడ్చిన వరండాలోంచి ఏ వాసనా రాదు.

జూలై 19

ఎడమ సగంలో మొక్కల మొవ్వుల్లో మచ్చలు. లేతాకు అంచులు కాలినట్టు తెల్లబడ్డాయి. అన్ని మొక్కలకీ కాదు. అక్కడక్కడా, విసిరినట్టు.

పక్క పొలం ఆయన సైకిలు దిగి మరీ వచ్చి చూశాడు. "తెగులమ్మా. తిండి పెట్టకపోతే రాదూ మరి?"

మొవ్వు విప్పి చూశాను. లోపల మంచు నీళ్ళు తప్ప ఏమీ లేదు. యూరియా గింజ మొవ్వులో పడి, రాత్రి మంచుకి కరిగితే ఆకు ఇలాగే కాలుతుంది. ఇది నాకు తెలుసు. పురుగు వల్ల కూడా ఇలా కావచ్చు.

పురుగు అనే రాసుకున్నాను.

జూలై 20

పురుగే.

జూలై 22

రాత్రంతా వాన. వాన మర్నాడు గాలి ఎక్కువ లేస్తుంది కాబట్టి తప్పకుండా తియ్యాలి. మడమల దాకా దిగబడుతూ ఎనిమిది పెట్టెలూ బోర్లించాను. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. దాన్ని లాగుతుంటే చేతిలో సీసా జారి పగిలింది. గట్టు మీద నాన్న నిలబడి చూస్తున్నాడు. సాయం రాలేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు, నా వైపు కాదు, ఎడమ సగం వైపు చూస్తూ.

సీసాలన్నీ తువ్వాల్లో చుట్టి, బస్సెక్కి ల్యాబులో ఇచ్చి వచ్చాను. బస్సులో ఒకామె అవి మందులా అని అడిగింది. గాలి అన్నాను. ఆమె లేచి వేరే సీట్లో కూచుంది.

జూలై 29

సార్ ఫోను. హలో కూడా అనలేదు.

"వాన తర్వాత ఎడమ సగంలో కూడా కుడి సగమంత నైట్రస్ ఆక్సైడ్ వచ్చింది."

"సీసాలు తారుమారయ్యాయేమో సార్."

"నాలుగు పెట్టెలవీనా?"

సీసాల నంబర్లు రాసుకున్న పుస్తకం మూసేశాను.

"ఎవరో వేశారు. ఎవరో, ఎందుకో శనివారం లోపల నాకు చెప్పు."

ఎవరో నాకు తెలుసు. కూచుని న్యాయంగా ఆలోచించాను. మావయ్య, అమ్మకి అన్న. ఎరువుల షాపు ఆయనది. కార్డు గెలిస్తే ఓడేది ఆయనే. పంట మొదట్లో అందరి ముందూ, "నీ కార్డు పుణ్యమా అని నేను షాపుకి తాళం వేసుకుని నీ పెట్టెలు మొయ్యాలి" అన్నాడు. పోయిన వారం మా పొలం దారిలో ఆయన మోటారుసైకిలు చూశాను. ఆయన ఇల్లు కూడా ఆ దారిలోనే, నిజమే. అయినా చూశాను.

నాకు ఆయన మీద కోపం లేదు. ఉన్నదున్నట్టు ఆలోచిస్తే తేలేది ఇదే.

జూలై 30

షాపుకి వెళ్ళాను. బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఘాటుకి కళ్ళు మండాయి. కాటా మీద మావయ్య కూచుని ఉన్నాడు, కుర్చీలో కంటే అక్కడే నడుముకి బావుంటుందట. బెంచీ మీద నలుగురు. వాళ్ళలో పక్క పొలం ఆయన.

దారి పొడుగునా వాక్యం తయారు చేసుకున్నాను. అక్కడికెళ్ళాక వేరేది వచ్చింది.

"మావయ్యా, మా ఎడమ సగంలో యూరియా చల్లించింది నువ్వు."

"గాలి డాక్టరు నోరు విప్పిందిరోయ్!" అన్నాడు పక్క పొలం ఆయన.

మావయ్య ముందు నవ్వాడు. నా మొహం చూసి ఆపాడు. "ఏంటమ్మాయ్? బస్తాలు ఎత్తీ ఎత్తీ నా నడుం పడిపోయింది. లేచి నిలబడాలంటే ఇద్దరు పట్టుకోవాలి. మీ పొలంలో ఊరికే ఎరువు చల్లిపోవడానికి నాకేం పిచ్చా?"

"చల్లించావన్నాను. చల్లావనలేదు."

"కాన్వెంటు చదువు," అన్నాడు ఇంకొకతను. అందరూ నవ్వారు. నేను బస్తాకి ఆనుకున్నాను.

మావయ్య కాటా దిగాడు. ఇద్దరు పట్టుకోనక్కర్లేకపోయింది. నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నా చెల్లెలి కూతురివి కాబట్టి ఊరుకుంటున్నా. నేను యూరియా అమ్ముకునేవాణ్ణే. అయినా సిగ్గు విడిచి చెబుతున్నా విను. మీ నాన్న ఇప్పుడు తీసుకెళ్తున్నంత తీసుకెళ్ళమని నేనే ఎవరికీ చెప్పను. మీ అమ్మ ఉండగా ఇలా ఉండేవాడు కాదు. ఒకసారి వద్దు బావా అన్నాను. నీ షాపు కాకపోతే ఇంకో షాపన్నాడు. వెళ్ళి మీ ఇంట్లో అడుగు. మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

ఆయన మాట మార్చాడు. పట్టుబడ్డవాళ్ళు మాట మారుస్తారు.

జూలై 31

అత్తయ్య అన్నయ్యకి ఫోను చేసింది. "ఇంట్లో నోరు పెగలదు, బజారుకెళ్ళి మావయ్య పరువు తీసొచ్చావా?" అని అన్నయ్య అరిచాడు. కంచం ముందు నుంచి లేచిపోయాడు. నాన్న తల ఎత్తకుండా తిన్నాడు. ఒక్క మాట అనలేదు. మావయ్యని తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. ఏ వాదననీ వదలని మనిషి.

ఆగస్టు 1

వదిన పెరట్లో కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. నన్ను పిలిచింది. పేరు పెట్టి పిలిచింది, అందుకే వెళ్ళాను.

"చెయ్యి పట్టు."

నాన్న చొక్కా జేబు తిరగేసి నా అరచేతిలో దులిపింది. తెల్లటి గింజలు, కుట్టులో ఇరుక్కున్నవి. నా చెయ్యి తడిగా ఉంది. గింజలు కరుగుతుంటే అరచెయ్యి చల్లబడింది. యూరియా నీళ్ళు తగిలితే అలా చల్లబడుతుంది.

"ఎన్నాళ్ళ నుంచో వస్తున్నాయి," అంది. "జేబుల్లో, ప్యాంటు మడతల్లో."

"కుడి సగంలో చల్లినప్పుడు పడి ఉంటాయి."

"కుడి సగానికి మీ నాన్నగారు బస్తా తీసుకెళ్ళి, బేసిన్లో పోసుకుని, అందరూ చూస్తుండగానే చల్లుతారు. జేబులో పోసుకెళ్ళాల్సిన అవసరం ఏమొచ్చింది?"

అరచేతిలోకి చూశాను. గింజలు లేవు. తడి ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్నెప్పుడైనా ఏదైనా అడిగావా? ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ అడిగావా?" చొక్కా దులిపి నా మొహానికి ఎదురుగా పట్టుకుంది. "ఇప్పుడు అడుగుతున్నాను, నువ్వు చెప్పు. ఇది ఏ రంగు?"

"తెలుపు."

"నాకూ తెలుపే. మీ అన్నయ్యకీ తెలుపే. మీ నాన్నగారొక్కరికే పసుపు. రోజూ ఇది రెండుసార్లు ఉతుకుతున్నా. నీకు చదువెక్కువ కదా. ఆలోచించు."

ఆలోచించాను. పొలం దాకా నడుస్తూ ఆలోచించాను. చొక్కా. బల్బు. నుదుటి మీద చెయ్యి. ఇంకా పసుపు పోలేదు, ఇంకా పాలిపోయే ఉంది. అవన్నీ ఈ డైరీలో నేనే రాశాను.

ఆగస్టు 2

కార్డు తీసుకెళ్ళాను. నాన్న గట్టు మీద ఉన్నాడు. ఎడమ సగంలోంచి ఒక ఆకు వంచి, కార్డు పక్కన పెట్టి, నా నీడ దాని మీద పడేలా నిలబడి, "ఇది ఏ పట్టీ?" అన్నాను.

దగ్గరగా వంగి చూశాడు. దూరంగా జరిగి చూశాడు. "రెండు."

అది నాలుగు దాటి ఉంది. కుడి సగంలో ఆకు చూపించాను, నల్లటిది.

"రెండున్నర. అయితే ఏంటి? నాకు పరీక్ష పెడుతున్నావా?"

"ఎడమ సగంలో వేసింది నువ్వేనా?"

"వేశాను." ఎప్పుడు అడుగుతానా అని ఎదురుచూస్తున్నట్టు చెప్పాడు. "చస్తుంటే చూస్తూ కూచోమంటావా? దారినపోయే ప్రతివాడూ నిన్ను చూసి పళ్ళికిలిస్తుంటే? పంట ఎండితే ఎవర్ని అంటారు, నీ సార్‌నా?"

"అది ఎండటం లేదు నాన్నా. నీ కళ్ళకి పొర వచ్చింది. శుక్లం. డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నా కళ్ళకేం రోగం? నీకే ఆ కార్డు తప్ప ఏదీ కనబడదు."

"నీ వల్ల నా పని పోతుంది!"

నేను అరిచాను. అంత గట్టిగా నా గొంతు నేనెప్పుడూ వినలేదు. పక్క పొలం ఆయన కూడా తల ఎత్తి చూశాడు, జోకు వెయ్యలేదు.

"పోతే పోనీ," అని నాన్న నా చేతిలో కార్డు లాక్కుని మొక్కల్లోకి విసిరాడు.

అది వెతికేసరికి మధ్యాహ్నమైంది. నాలుగో పట్టీ మీద గీత పడింది.

ఆగస్టు 3

శనివారం. సార్‌కి నేనే ఫోను చేశాను.

"ఎవరు?"

"మా నాన్న."

"ఎందుకు?"

"ఆయనకి పొలం పసుపుగా కనబడుతుంది సార్. అన్నీ పసుపుగానే కనబడతాయి."

"ఎన్నో కారణాలు విన్నాను," అన్నారు. "ఇది వినలేదు. అయినా తీసేయక తప్పదు. సోమవారం పెట్టెలు తెచ్చి అప్పగించు."

పురుగు అని చెప్పి ఉండొచ్చు. సీసాలు తారుమారయ్యాయని గట్టిగా అని ఉండొచ్చు. సార్ నమ్మరు. అందుకే నిజం చెప్పాను, మంచితనం వల్ల కాదు.

ఆగస్టు 4

మావయ్య షాపు ముందునుంచి వెళ్ళాను. ఆయన కాటా మీదే ఉన్నాడు. ఆగుదామనుకున్నాను. ఆగలేదు.

ఆగస్టు 5

పెట్టెలు అప్పగించాను. బస్సు దాకా వదిన రెండు మోసింది. ఎందుకని అడిగితే, "వరండాలోకి మళ్ళీ రాకుండా" అంది. కార్డు సంగతి సార్ అడగలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

ఆగస్టు 6

పొద్దున తలుపు మీద దబదబా చప్పుడు.

"లే. పొలానికి రా."

"ఇంకెందుకు? పెట్టెలు పోయాయిగా."

"రా అంటే రా."

ముందు నాన్న, వెనక నేను. దారిలో పక్క పొలం ఆయన సైకిలు ఆపాడు. "ఏమ్మా గాలి డాక్టరుగారూ, ఆస్పత్రి ఎత్తేశారా?"

"నీకెందుకయ్యా? ముందు నీ సైకిలు గాలి చూసుకో," అన్నాడు నాన్న, ఆగకుండా.

కుడి సగం గట్టు మీద కొత్త బస్తా ఉంది. మూతి కుట్టు ఇంకా విప్పలేదు. నాన్న దాని పక్కన నిలబడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏ రంగులో ఉంది?"

నేను కార్డు తియ్యబోయాను.

"అది లోపల పెట్టు. నువ్వు చెప్పు."

"నల్లగా ఉంది నాన్నా. ఇంక వద్దు."

"ఖాయమేనా?"

"ఖాయం."

"ఎడమ సగం?"

"మంచి ఆకుపచ్చ. దానికీ ఇప్పుడేం వద్దు."

ఆయన పొలం వైపు చూస్తూ నిలబడ్డాడు. నన్ను నమ్మాలని లేదు, ఆ సంగతి దవడలో తెలుస్తోంది. తర్వాత వంగి, "అటు పట్టు" అన్నాడు. చెరోవైపూ పట్టుకుని బస్తా ఇంటికి మోసుకొచ్చాం. సగం దారిలో దించినప్పుడు, "డాక్టరు మాట మాత్రం ఎత్తకు" అన్నాడు. ఎత్తలేదు. రేపు ఎత్తుతాను.

ఇంట్లో వదిన ఉతికిన చొక్కా కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయింది. నాన్న దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. "తెల్లగా ఉందా?" అని నన్ను గద్దించాడు.

"ఉంది."

తొడుక్కున్నాడు.

అమ్మ పోయేదాకా పొలం రంగు ఆయనకి ఆవిడే చెప్పేది.